వెలుగు మీకు, పొగ మాకు! ఇదేం లెక్క?

చెత్త నుంచి కరెంటు పుడుతుందట. శిలాఫలకాల మీద పెద్దల పేర్లు, కరపత్రాల నిండా పచ్చని చెట్ల బొమ్మలు. బాగానే ఉంది. మరి ఆ కరెంటు కోసం ముక్కు మూసుకోవాల్సింది ఎవరు? మేం అడిగేది ఈ ఒక్క ముచ్చటే.

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని జవహర్‌నగర్‌కు రెండు దశాబ్దాలకు పైగా హైదరాబాద్ చెత్త చేరుతున్నది. పేరుకున్న గుట్ట దాదాపు 1.2 కోట్ల టన్నులు. అందులోంచి కారిన నల్లటి రసం మల్కారం చెరువును ఆగం చేసింది. ఆ గుట్ట పక్కనే 2020లో 19.8 మెగావాట్ల ప్లాంటు మొదలైంది. ఇక గోస తీరినట్టేనన్నరు. తీరిందా? పాత గుట్టను కాల్చలేదు, పైన పొర పరిచి మట్టి కప్పిండ్రు. పొయ్యిలోకి పోయేది రోజూ వచ్చే కొత్త చెత్త. అంటే ప్లాంటు వచ్చిందని లారీలు ఆగవు. ప్లాంటు నడవాలంటేనే లారీలు రావాలె!

ఇది మనకు కొత్త పాఠం కాదు. షాద్‌నగర్ దగ్గరి ఎలికట్టలో 2003లో 6.6 మెగావాట్ల ప్లాంటు పెట్టిండ్రు. అప్పుడూ చెత్త హైదరాబాద్‌దే, పొగ మాత్రం పాలమూరు పల్లెకు. 2005లో సుప్రీంకోర్టు ఇలాంటి కొత్త ప్లాంట్లకు సబ్సిడీలు ఆపమన్నది. 2007లో 5 ప్రయోగాత్మక ప్లాంట్లకే సడలింపు ఇచ్చింది. ఎలికట్ట ప్లాంటు మూతబడ్డది. 2014లో రాష్ట్రం వచ్చింది. సరిహద్దు మారింది గానీ లారీల తోవ మారలేదు.

అసలు చిక్కు చెత్తలోనే ఉన్నది. మన చెత్తలో దాదాపు సగం తడిది. తడి కట్టె పొయ్యిలో ఎట్ల మండుతదో మన అమ్మలకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1987లో ఢిల్లీ తిమార్‌పూర్‌లో కట్టిన ప్లాంటు ఇట్లాంటి చెత్తతోనే సుమారు 3 వారాలకు చతికిలబడ్డది. పొయ్యి వేడి 850 డిగ్రీల కింద పడితే డయాక్సిన్ విషం పుట్టే ప్రమాదం పెరుగుతది. దాన్ని పొగగొట్టం దగ్గరి మామూలు మీటరు నిమిషం నిమిషం కొలవదు, నమూనా తీసి ల్యాబుకు పంపాలె. ఎప్పుడు తీసిండ్రు, ఎంత వచ్చింది? ఆ లెక్క ఊరి ముందు పెట్టడానికి అడ్డమేంది?

ఖర్చు సంగతీ చూద్దాం. 2015లో కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ చెత్త కరెంటుకు యూనిట్‌కు రూ.7.04, చెత్త నుంచి వేరుచేసిన ఇంధనం వాడితే రూ.7.90 ధర కట్టింది. 2016 టారిఫ్ విధానం ప్రకారం డిస్కంలు ఆ కరెంటంతా కొని తీరాలె. చివరకు ఆ బరువు పడేది మన బిల్లు మీదనే.

గుట్టగా కుళ్లే కన్నా కాల్చడం మేలు కదా అంటరు. కుళ్లితే మీథేన్ లేస్తుంది, నిజమే. కానీ తడి చెత్తను ఇంటి గడపలోనే వేరుచేసి, ఏ వార్డుది ఆ వార్డులోనే ఎరువో, బయోగ్యాసో చేస్తే గుట్టా పెరగదు, పొయ్యికీ తడి పోదు. ఈ పని చేయకుండా పొగగొట్టాలు లేపడమంటే, నగరం బద్ధకానికి పల్లెతో జరిమానా కట్టించడమే.

మా డిమాండ్లు మూడే. పొగ లెక్కలు తెలుగులో ప్లాంటు గేటు మీద రోజూ రాయాలె. డయాక్సిన్ పరీక్షలు చుట్టుపక్కల ప్రజల ప్రతినిధుల ముందు జరగాలె. వేరుచేయని చెత్తతో వచ్చే లారీని గేటు దగ్గరే వెనక్కి తిప్పాలె.

ఉద్యోగులారా, మీ కాలనీలో రెండు బుట్టలు పెట్టించండి. విద్యార్థులారా, సమాచార హక్కు చట్టం మీ చేతిలోనే ఉన్నది, పొగ లెక్క అడగండి. చెత్త అందరిదైనప్పుడు దాని బరువు ఒక్క ఊరే ఎందుకు మోయాలె? జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉందాం.