లాగ్‌బుక్‌లో ఒక సంతకం

ఓడల మీద ఉద్యోగం చేసే పిల్లలు మాకు ఫోన్ చేసినప్పుడు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. నడిసముద్రంలో ఖిబ్లా దిశను ఎలా నిర్ణయించుకోవాలి, ఖస్ర్ ఎన్నాళ్ళు చేయాలి, డ్యూటీ మధ్యలో నమాజ్ వేళ దాటిపోతే ఏమి చేయాలి వంటివి. ఈ విషయాలు మాకు కొట్టినపిండి. అయితే కిందటేడు ఒక రాత్రి వచ్చిన ప్రశ్నకు మేము తొందరపడి సమాధానమిచ్చి పొరబడ్డాము. ఆ పొరపాటునే ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము.

ఫోన్ చేసినవాడు చిన్ననాడు సాయంత్రం వేళల్లో మా మక్తబ్‌కు వచ్చి ఖుర్ఆన్ పఠనం నేర్చుకున్న కుర్రవాడు. తరువాత మెరైన్ ఇంజినీరింగ్ చదివి, ఒక సరకు రవాణా ఓడలో థర్డ్ ఇంజినీరుగా చేరాడు. సలాము చెప్పి, "హజ్రత్, ఒక పంపును పరీక్షించాను. నడిచింది గాని రావలసిన పీడనం రాలేదు. వచ్చినట్టుగా రాసి సంతకం పెట్టమంటున్నారు" అన్నాడు. రెండు రోజుల్లో ఓడ రేవు చేరుతుందట, తనిఖీ అధికారులు వస్తారట. మేము సగం నిద్రలో ఉన్నాము. ఏదో కాగితాల తగాదా అనుకుని, "ఉద్యోగం కొత్త కదా బేటా, పెద్దవాళ్ళతో గొడవ పెట్టుకోకు" అన్నాము. అతడు కాసేపు ఊరుకుని, "ఆ పంపు దేనికో చెప్పమంటారా హజ్రత్?" అని అడిగాడు.

అది అత్యవసర అగ్నిమాపక పంపు. ఓడలోని మామూలు ఫైర్ పంపులు సాధారణంగా ఇంజిన్ గదిలోనే ఉంటాయి. ఆ గదికే నిప్పంటుకుంటే అవి అందుబాటులో ఉండవు. కనుక ఈ ఒక్క పంపును గదికి వెలుపల, సొంత డీజిల్ ఇంజిన్‌తోనో అత్యవసర జనరేటర్ విద్యుత్తుతోనో నడిచేట్లు అమరుస్తారు. నడిసముద్రంలోకి ఫైర్ ఇంజిన్ రాదు. మంటకూ మనిషికీ మధ్య మిగిలేది ఆ పంపు నీరే.

నిప్పు అంటుకోవడం అంత సులభమా అని అడిగాము. అప్పుడు అతడు ఆ గది సంగతి చెప్పాడు. పెద్ద ఓడ ప్రధాన ఇంజిన్ మూడు నాలుగు అంతస్తుల ఎత్తు ఉంటుంది. అందులో వాడే భారీ ఇంధనం తారులాగా చిక్కగా ఉంటుంది. దానిని సుమారు 98 డిగ్రీలకు వేడి చేసి, ప్యూరిఫయర్ అనే యంత్రంలో గిరగిర తిప్పి, నీటినీ మడ్డినీ వేరు చేస్తారు. వేడి సముద్రాలలో ఆ గదిలో ఎండ లేకుండానే 40 డిగ్రీలు దాటుతుంది. ఎక్కడో ఒక గొట్టం చిట్లి, చమురు తుంపరగా ఎగిరి కాలుతున్న పొగగొట్టం మీద పడితే చాలు. అందుకే వేడి భాగాలకు కవచాలు చుడతారు. మరమ్మతు కోసం విప్పిన కవచాన్ని తిరిగి సరిగా చుట్టారా లేదా అన్నది కూడా ప్రాణాల లెక్కే. ప్రతి యంత్రం ఎన్ని గంటలు నడిచిందో లెక్క ఉంటుంది. ఇన్ని గంటలకు ఫిల్టరు మార్చాలి, ఇన్ని గంటలకు పిస్టన్ విప్పాలి అని పట్టిక ఉంటుంది. ఉప్పునీరు మాత్రం ఏ పట్టికనూ చూడదు, ఇనుమును తింటూనే ఉంటుంది. ఈ పని మన ఇళ్ళలో ఆడవారు చేసే పని వంటిదని మాకు తోచింది. సరిగా జరిగినంతకాలం ఎవరి కంటికీ ఆనదు.

ఆ సంభాషణలోనే అతడు డాలీ ఓడ పేరెత్తాడు. 2024 మార్చి 26 తెల్లవారుజామున అమెరికాలోని బాల్టిమోర్ రేవు నుండి బయలుదేరిన ఆ కంటైనర్ ఓడలో, వంతెనకు చేరువలో ఉండగా విద్యుత్తు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. దాదాపు 300 మీటర్ల ఓడ వంతెన స్తంభాన్ని ఢీకొనగా వంతెన కూలింది. ఓడ సిబ్బందిలో అత్యధికులు భారతీయులే. వారికి ప్రాణాపాయం కలుగలేదు గాని, వంతెన మీద రాత్రివేళ రోడ్డు గుంతలు పూడుస్తున్న ఆరుగురు చనిపోయారు. మెక్సికో, మధ్య అమెరికా దేశాల నుండి పొట్టకూటి కోసం వచ్చినవారు వారు. గల్ఫ్‌కు బిడ్డలను పంపిన తల్లులకు ఇంతకంటే చెప్పనక్కరలేదు. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2025 నవంబరులో తన నిర్ణయం ప్రకటించింది. ఒక తీగకు గుర్తు కోసం తొడిగిన చిన్న లేబుల్ సరైన చోట లేనందున, ఆ తీగ కొస తన పట్టులోకి పూర్తిగా దిగలేదు. అదే వదులై మొదటిసారి విద్యుత్తు పోయింది. రెండవసారి పోవడానికి కారణం జనరేటర్లకు ఇంధనం అందించే పనికి వేరే పనికోసం ఉన్న పంపును వాడడం. విద్యుత్తు తిరిగి వచ్చినా ఆ పంపు తనంతట తాను మొదలుకాదు.

మదరసాలో సాక్ష్యానికి సంబంధించిన అధ్యాయాన్ని మేము ఏటేటా బోధిస్తాము. చూడనిదానిని చూశానని చెప్పేవాడి గురించి విద్యార్థులకు గంటలు గంటలు చెబుతాము. లాగ్‌బుక్‌లో సంతకం కూడా సాక్ష్యమేనన్న సంగతి ఆ రాత్రి ఒక కుర్రవాడు వివరించేదాకా మాకు తట్టలేదు. "మేము అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాము బేటా. ఎంత పీడనం వచ్చిందో అంతే రాయి. తీసుకెళ్ళి చీఫ్ ఇంజినీరుకు చూపించు" అన్నాము.

ఇళ్ళలోని పెద్దలు ఒక విషయం తెలుసుకోవాలి. 1998 నుండి అమలులో ఉన్న అంతర్జాతీయ భద్రతా నియమావళి ప్రకారం, ప్రతి ఓడ కంపెనీలోనూ తీరాన ఒక బాధ్యుడు ఉండాలి. అతడిని 'డిజిగ్నేటెడ్ పర్సన్' అంటారు. ఓడలో మాట చెల్లనప్పుడు చెప్పుకోవడానికి ఆ దారి ఉంది. అలాగే 24 గంటలలో కనీసం 10 గంటలు, ఏడు రోజులలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలన్నది నావికుల కార్మిక ఒప్పందంలోని నియమం. ఆ విశ్రాంతి గంటలనూ కాగితం మీదనే ఇచ్చేవారున్నారని మావాడు చెప్పాడు. పిల్లవాడు ఫోన్ చేసినప్పుడు జీతం ఎప్పుడు పడుతుందని అడిగేముందు, నిద్ర పోయావా అని అడగండి.

చీఫ్ ఇంజినీరు మొదట కేకలు వేశాడట. తరువాత తానే ఫిట్టరును పిలిచి పంపు విప్పించాడు. నీటిని పీల్చే వైపు జాలీలో గుప్పెళ్ళకొద్దీ గుల్లలు! శుభ్రం చేసి నడిపితే పీడనం వచ్చింది. తనిఖీ సజావుగా ముగిసింది. కాని సంతకం పెట్టమన్న అధికారి, ఒప్పందం చివర మావాడి నివేదికలో సహకరించే స్వభావం లేనివాడని రాశాడు. ఇంటికి వచ్చి అయిదు నెలలయింది. ఇంకా పిలుపు రాలేదు. ఇంటి అప్పు కిస్తులు ఆగడం లేదు.

అతని తల్లి జుమా నాడు మా ఇంటికి వస్తూ ఉంటుంది. "హజ్రత్, మీ మాట విన్నాడు వాడు" అంటుంది. అందులో నిష్ఠూరం ఉంది, మేము కాదనము. కిందటి వారం ఆ పంపు సంగతంతా ఆమెకు మొదటినుండి చెప్పాము. ఆమె కొంగు సవరించుకుని చాలాసేపు కూర్చుంది. "ఆ ఓడలో ఇప్పుడు ఎంతమంది పిల్లలుంటారు?" అని అడిగింది. ఇరవై మంది దాకా ఉంటారని చెప్పాము.