‘బెంగ’ అనే మాట

మనసులో ఉన్నది మరొకరికి చెప్పుకోవాలంటే ముందు దానికి పేరు దొరకాలి. తెలుగులో ఆ పేర్లకు కొరత లేదు. ఊరెళ్లిన తల్లి కోసం పిల్ల జ్వరం తెచ్చుకుంటే బెంగ పెట్టుకుందంటారు. రేపేమవుతుందోనని కడుపులో కదిలేది గుబులు. ఎదుటివాళ్లను ఏమీ అనలేక కళ్లలో నీళ్లు తిరిగితే ఉక్రోషం. పెద్దయ్యేసరికి, ముఖ్యంగా మగవాళ్ల నోట, వీటన్నిటి బదులు రెండే మిగులుతున్నాయి: కోపం, టెన్షన్. ఇది చిన్న నష్టం కాదు.

2007లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం కోపం, భయం నిండిన ముఖాల ఫొటోలు చూపిస్తూ మెదడును స్కాన్ చేసింది. ఆ ముఖంలోని భావానికి పేరు ఎంచుకున్నప్పుడు, భయానికి చురుగ్గా స్పందించే అమిగ్డలా జోరు తగ్గింది. అంతకుముందు 1986లో పరిశోధకులు జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ కొందరు కాలేజీ విద్యార్థుల చేత రోజుకు 15 నిమిషాల చొప్పున వరసగా 4 రోజులు తమ జీవితంలో తగిలిన దెబ్బల గురించి రాయించారు. జరిగినదాన్నీ, పడిన బాధనూ కలిపి రాసినవాళ్లు తర్వాతి 6 నెలల్లో కాలేజీ వైద్యశాలకు వెళ్లడం తగ్గింది. రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. ఈ సంగతి తెలియకే చాలామంది, చెప్పుకున్నా తేలిక పడలేదని మళ్లీ నోరు కట్టేసుకుంటారు.

చెప్పుకోవడం సగం వినేవాళ్ల చేతిలో ఉంటుంది. అమెరికా నుంచి ఆదివారం కొడుకు ఫోన్ చేస్తాడు. “మాకేం, బాగానే ఉన్నాం. ఇదిగో, అమ్మకిస్తున్నా” అని తండ్రి అర నిమిషంలో తప్పుకుంటాడు. ఎప్పుడో ఒకసారి “ఈమధ్య నిద్ర పట్టట్లేదురా” అంటాడు. ఆ తరం మగవాళ్ల దిగులు తరచూ ఒంటి నలతగానే బయటికొస్తుంది. “డాక్టర్‌కి చూపించుకో నాన్నా” అంటే మాట అక్కడితో తెగుతుంది. “పడుకున్నాక ఏం గుర్తొస్తోంది నాన్నా?” అని అడిగి, అవతలి మౌనాన్ని పూడ్చకుండా కాసేపు ఆగితే, “నువ్వేరా. బెంగగా ఉంటోంది” అనే మాట రావచ్చు. “ఈమాత్రానికేనా”, “అందరికీ ఉండేదేగా” అనే ఓదార్పులు కూడా ఆ తలుపు వేసేసేవే. రహస్యం దాచలేనివాళ్లకు, ఒకరి బాధను నలుగురిలో కబురు చేసేవాళ్లకు చెప్పుకోకపోవడం పిరికితనం కాదు. కొద్దికొద్దిగా చెప్పి చూస్తే మనిషి తెలుస్తాడు.

జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో 2022లో దేశంలో ఆత్మహత్యకు పాల్పడినవారు 1,70,924 మంది. పదిమందిలో ఏడుగురికి పైగా మగవాళ్లే. కుటుంబ సమస్యలు, జబ్బు అందులో ముందున్న కారణాలు. మౌనమే వీళ్లందరినీ పొట్టనబెట్టుకుందని అనలేం గానీ, వినే మనిషి దొరికితే కొందరైనా నిలబడి ఉండేవారు. ఇంట్లో అలాంటివారు లేనప్పుడు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడతారు.