ఒక్క ల్యాప్‌టాప్‌నే నమ్ముకుంటే ఎలా?

సీతమ్మధారలో మా పక్కవీధి కుర్రాడు ఇంజినీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాడు. పగలు కాలేజీ, సాయంత్రం ప్లేస్‌మెంట్ టెస్టుల ప్రిపరేషన్, శనివారం రాత్రి క్లబ్బులో డీజే. కోచింగ్ ఫీజు ఆ డబ్బుతోనే కడుతున్నాడు. ఓ రాత్రి జనం మంచి ఊపులో ఉండగా పాట నత్తినత్తిగా వచ్చి ఆగిపోయింది. ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టాడయ్యా అంటే, సరిగ్గా బేస్ స్పీకర్ బాక్స్ మీద! మళ్లీ ఆన్ చేస్తే లోపల్నుంచి టిక్ టిక్ మని చప్పుడు. పోయింది పాటలొక్కటే కాదు. ప్రాజెక్టు రిపోర్టు, రెజ్యూమె, సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ అందులోనే. సోమవారం ప్రాజెక్టు రివ్యూ.

‘బ్యాడ్‌లక్ అంకుల్’ అన్నాడు. నేను ఒప్పుకోను. ఇది లక్కుకి సంబంధించింది కాదు, అలవాటుకి సంబంధించింది. చదువు, సంపాదన, సరదా మూడూ ఒకే పాత ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్న వాళ్లు మీలో ఎంతమంది లేరు? అందుకే ఈ మాట మీకు చెబుతున్నా.

పాత ల్యాప్‌టాప్‌లలో ఉండే హార్డ్‌డిస్క్ లోపల ఓ పళ్లెం నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో తిరుగుతుంటుంది. డేటా చదివే హెడ్ దాన్ని తాకకుండా పైన తేలుతుంది. రెంటి మధ్య ఎడం తల వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదు. బేస్ అదురు తగిలితే హెడ్ దారి తప్పుతుంది, చదివిందే మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది, పాట తడబడుతుంది. హెడ్ పళ్లేన్ని రాసుకుంటే ఇక అంతే.

మరీ అతిగా చెబుతున్నాననుకోకండి. 2005లో ఆపిల్ తన ల్యాప్‌టాప్‌లలో కుదుపు తెలియగానే హెడ్‌ను పక్కకు తప్పించే సెన్సర్ పెట్టింది. డ్యాన్స్ క్లబ్బుల్లాంటి చోట్ల ఆ సెన్సరే పనికి అడ్డుపడొచ్చని తన సూచనల్లో చెప్పింది కూడా. జానెట్ జాక్సన్ పాట ‘రిథమ్ నేషన్’ ప్లే చేస్తే కొన్ని పాత ల్యాప్‌టాప్‌లు ఆగిపోయేవని 2022లో మైక్రోసాఫ్ట్ ఇంజినీర్ రేమండ్ చెన్ రాశారు. పాటలోని ఒక స్వరం హార్డ్‌డిస్క్ సహజ కంపనంతో కలిసిపోవడమే కారణం. పక్కనున్న ల్యాప్‌టాప్ కూడా ఆగిపోయేదట! 2016 సెప్టెంబరులో బుకారెస్ట్‌లోని ఐఎన్‌జీ బ్యాంకు డేటా సెంటర్లో మంటలార్పే గ్యాస్‌ను పరీక్షించినప్పుడు, అది బయటికొచ్చిన చప్పుడుకే హార్డ్‌డిస్కులు దెబ్బతిన్నాయి. బ్యాంకు సేవలు దాదాపు 10 గంటలు ఆగాయి. బ్యాంకుకే అంత నష్టమైతే మన పాత ల్యాప్‌టాప్ ఎంత?

మరేం చేయాలి? మొదటిది, ల్యాప్‌టాప్‌ను స్పీకర్ మీద గానీ, స్పీకర్‌కు ఆనుకున్న టేబుల్ మీద గానీ పెట్టకండి. విడిగా స్టాండు వేసి, కింద మందపాటి ఫోమో, రబ్బరు షీటో పరవండి. రెండోది, హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేయించండి. అందులో తిరిగే భాగాలుండవు, అదురుకు భయం లేదు. అలాగని అది అమరం కాదు, అదీ ఒకరోజు చెప్పకుండానే పోవచ్చు. అందుకే మూడోది అసలైనది: ముఖ్యమైన ఫైళ్లకు మూడు కాపీలు. ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి క్లౌడ్‌లో. పెన్‌డ్రైవ్ ల్యాప్‌టాప్ బ్యాగులో కాదు, జేబులో ఉండాలి. బ్యాగు పోతే రెండూ పోతాయిగా!

మన విశాఖ వాళ్లకు ఇంకో సంగతి. ఏసీ హాల్లోంచి బీచ్ గాలిలోకి రాగానే చల్లబడిన ల్యాప్‌టాప్ మీద చెమ్మ పడుతుంది. ఆరాకే ఆన్ చేయండి. బ్యాగులో పెట్టి బండెక్కేముందు స్లీప్‌లో వదిలేయకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఊరు ఎలా అయిందో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఒకే ఇంట్లో ఎన్ని కాపీలున్నా ఒక్కటే లెక్క. క్లౌడ్ కాపీ అందుకే.

‘అంత డబ్బెక్కడిది సార్?’ అంటారు. నిజమే, డబ్బు మాట చిన్నది కాదు. కానీ మొదటి షో డబ్బు చేతికి రాగానే కొత్త హెడ్‌ఫోన్లు, రంగుల లైట్లు కొనేది కూడా మనమే కదా! నా అభిప్రాయం ఒకటే: మొదటి ఖర్చు కనిపించే వాటి మీద కాదు, కాపాడే వాటి మీద పెట్టాలి. పెన్‌డ్రైవ్ ధర ఎంత? క్లౌడ్‌లో కొంత చోటు ఉచితంగానే ఇస్తున్నారు. ఇక ఫోమ్ ముక్క ఏ పరుపుల షాపులోనైనా దొరుకుతుంది. ఇవాళే చేయగలిగినవి ఇవి. ఎస్ఎస్‌డీ రెండు షోల తర్వాతైనా సరే.

ఈ కథ డీజేలకే అనుకోకండి. రేపు మీరు చేరే కంపెనీలో క్లయింట్ ముందు డెమో ఇస్తున్నప్పుడు సిస్టమ్ ఆగిపోతే, ‘సిస్టమ్ పోయింది సార్’ అన్నది జవాబు కాదు. ‘రెండో కాపీ ఉంది, రెండు నిమిషాలివ్వండి’ అన్నది జవాబు. ‘మీకు ఎదురైన సమస్య చెప్పండి, ఎలా దాటారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, బట్టీపట్టిన జవాబుకన్నా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి షో నిలబెట్టిన రాత్రి గురించి చెప్పడం ఎంత బాగుంటుంది!

మా కుర్రాడు డిస్క్‌ను మళ్లీ మళ్లీ ఆన్ చేయడం మానేసి, రిపేరు వాళ్లకిచ్చాడు. కొంత దొరికింది, కొంత దొరకలేదు. రిపోర్టు రెండు రాత్రులు కూర్చుని మళ్లీ రాశాడు. ఇప్పుడు వాడి జేబులో పెన్‌డ్రైవ్ ఉంటోంది. మీ జేబులో ఉందా? లేకపోతే ఈ పేజీ మడిచి పక్కన పెట్టేలోపే మీ రెజ్యూమె కాపీ ఒకటి వేరేచోట దాచండి. మిగతావి ఈ రాత్రికి.