చల్లని కప్పు చిన్న ఇంటికీ కావాలి
మన దేశంలో హరిత భవనాల ఉద్యమం వేళ్లూనుకున్నది హైదరాబాద్‌లోనే. హైటెక్ సిటీ దగ్గరి సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2003లోనే హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్ సాధించింది. అయినా ఈ నగరంలో సామాన్యుడికి గోల్డ్, ప్లాటినం అన్న మాటలు కనిపించేది పెద్ద అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లోనే. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ (చల్లని కప్పు) విధానం నిజంగా మంచి ముందడుగు. కానీ ఇళ్ల విషయంలో అది తప్పనిసరి అయ్యేది 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే. బస్తీల్లో, పాత కాలనీల్లో జనం కట్టుకునేది వంద, నూటయాభై గజాల్లో. పగలంతా ఎండను మింగిన స్లాబు రాత్రంతా గదిలోకి సెగ కక్కేది ఆ ఇళ్లలోనే. ఏసీ కొనలేనివాళ్లు ఉండేదీ అక్కడే. ఎండను తిప్పికొట్టే తెల్ల పూత, పడమటి కిటికీపై సజ్జా, వాన నీటికి ఇంకుడు గుంత మన మేస్త్రీలకు కొత్త పనులు కావు. పై అంతస్తు వేసేటప్పుడో, పాత ఇల్లు బాగుచేయించేటప్పుడో చేయిస్తే విడిగా పెద్ద ఖర్చూ ఉండదు. అందుకే చిన్న ఇంటి యజమానిపై జరిమానా భయం పెట్టకుండా ఆస్తి పన్నులో రాయితీ ఇవ్వాలి, రేకుల ఇళ్లకు పూత ఉచితంగా వేయించాలి. రేటింగ్ పొందిన పెద్ద ప్రాజెక్టులు మాత్రం కరెంటు, నీటి వాడకం లెక్కలు ఏటా బయటపెట్టాలి. హరిత నిబంధనల విలువను తేల్చాల్సింది రేటింగ్ ఫలకాల సంఖ్య కాదు, వేసవిలో పేదవాడి గదిలో తగ్గిన వేడి.