దించితే రెండు వైపులా దించండి

అడ్వెంచర్ బండి కొంటానని మన క్యాంపస్‌లో ఎవరైనా అంటే మొదటి ప్రశ్న మైలేజీ గురించి రాదు. "కాళ్లు అందుతాయా మామా?" అని వస్తుంది. అమ్మాయి అంటే ఆ ప్రశ్న కూడా ఉండదు, "స్కూటీ తీసుకో" అని డైరెక్ట్‌గా తీర్పే. నాకు ఈ తీర్పు నచ్చదు. కానీ దానికి విరుగుడుగా చాలామంది చేయిస్తున్న పని ఇంకా నచ్చదు. అదేంటంటే, వెనక సస్పెన్షన్ ఒక్కటే కిందికి దించేయడం.

భయం నిజమే, కాదనను. హిమాలయన్ 450 బరువు 196 కిలోలు, సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. మన్సూరాబాద్ కాలనీల్లో వాన పడ్డాక గుంత ఎక్కడుందో కనపడదు. ఆగినప్పుడు కాలు అందులో పడితే బండి మన మీదే. కంపెనీలకూ ఈ సంగతి తెలుసు. 2023లో కేటీఎం 390 అడ్వెంచర్‌కి 'వి' అనే వేరియంట్ తెచ్చి సీటును 855 నుంచి 830కి తగ్గించింది. అంటే తప్పు మన హైటుది కాదు, డిజైన్ ఎవరి కోసం చేశారన్నదే అసలు విషయం.

ఇక దించడం. లింకేజీ ఉన్న చాలా బండ్లలో పొడవైన లింకులు (డాగ్‌బోన్ అంటారు) వేస్తే వెనక భాగం దిగుతుంది. చవక, గంటలో పని అయిపోతుంది. కానీ ఇది కోడ్‌లో ఒక్క వేరియబుల్ మార్చి, దాన్ని వాడే ఫంక్షన్లన్నీ మర్చిపోవడం లాంటిది. వీల్‌బేస్ 1510 ఉన్న బండి వెనక 25 మిల్లీమీటర్లు దిగితే మొత్తం బండి దాదాపు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. ఒక డిగ్రీయే కదా అనకండి. హెడ్‌లైట్ వెలుగు 50 మీటర్ల దూరంలో 80 సెంటీమీటర్లు పైకి పోతుంది. రాత్రి విజయవాడ హైవే మీద ఎదురొచ్చేవాడి కళ్లలోకే. ముందు చక్రం మీద బరువు తగ్గుతుంది, మలుపుల్లో బండి బయటికి లాగుతుంది. సైడ్ స్టాండ్ పొడవు ఎక్కువైపోయి బండి నిటారుగా నిలబడుతుంది, చిన్న తోపుకే కుడివైపు పడుతుంది. పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద టైరు మడ్‌గార్డ్‌కి తగలొచ్చు.

"ప్రీలోడ్ మొత్తం లూజ్ చేస్తే దిగిపోతది" అనేది ఇంకో సలహా. దిగుతుంది నిజమే, కానీ గుంతల కోసం దాచుకున్న ట్రావెల్ మనం కూర్చోగానే అయిపోతుంది.

నా లెక్కలో వరస ఇది. ముందు శాగ్ కొలవండి. చక్రం గాల్లో ఉన్నప్పుడు యాక్సిల్ నుంచి టెయిల్ దాకా ఎంత, మనం గేరుతో కూర్చున్నాక ఎంత, ఆ తేడానే శాగ్. 200 మిల్లీమీటర్ల ట్రావెల్‌కి 60 నుంచి 65 ఉంటే బాగున్నట్టు. ఇద్దరు ఫ్రెండ్స్, ఒక టేపు చాలు. తర్వాత లో సీటు. హిమాలయన్‌కి 805 సీటు దొరుకుతుంది. మందం సోల్ ఉన్న బూట్లు ఇంకొంచెం ఇస్తాయి. నడుము పక్కకి జరిపి ఒక్క కాలు పూర్తిగా ఆనిస్తే చాలు, రెండూ ఆనాలని రూల్ లేదు.

అప్పటికీ చాలకపోతే దించండి, కానీ పూర్తిగా. మన బరువుకు సరిపోయే స్ప్రింగ్‌తో పొట్టి షాక్, ముందు ఫోర్క్‌లోనూ అంతే తగ్గింపు. ఫోర్క్ ట్యూబులను క్లాంప్‌లో పైకి జరిపితే రెండు వైపులా సమానంగా జరపాలి, బోల్టులు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే బిగించాలి, ఫోర్క్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు చక్రం ఎక్కడా తగలకూడదు. స్టాండ్ కురచ చేయించి, చైన్ స్లాక్, హెడ్‌లైట్ మళ్లీ సెట్ చేయించాలి. గ్రౌండ్ క్లియరెన్స్ తగ్గిందని గుర్తుపెట్టుకుని అనంతగిరి రాళ్ల మీద నెమ్మదిగా పోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మార్పులకు హద్దులు పెట్టింది కాబట్టి, చేయించే ముందే ఆర్టీఏలో, ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడండి.

వర్క్‌షాపులో ఒక్కటే అడగండి: "అన్నా, ముందు ఎంత దించుతున్నవ్?" దానికి జవాబు లేకపోతే బండి తాళం చేతికి ఇవ్వకండి. అలాగే పొట్టిగా ఉన్న ఫ్రెండ్ బండి చూపిస్తే "స్కూటీ తీసుకో" అనకండి, టేపు పట్టుకుని శాగ్ కొలవడానికి వెళ్లండి.