బండి వెలయు, కిలోమీటరు లెక్కయు



తిరుమల కొండ కేగు బస్సులలో పొగయు, పెద్ద రొదయు లేనివి 2022 సెప్టెంబరు మొదలుకొని నడచుచున్నవి. ఇవి విద్యుత్ బస్సులు. తిరుపతికి ఏర్పరచిన నూరింటిలో ఏబది ఘాట్ రోడ్డునకే ఉద్దేశింపబడినవి. కొండ యెక్కునపుడు వీనికి శక్తి యెక్కువ కావలయును. దిగునపుడు చక్రములే మోటారును త్రిప్పి కొంత కరెంటును మరల బ్యాటరీకి చేర్చును. ఇంతకంటె మనము గమనింపదగిన దొకటి కలదు. ఆర్టీసీ వీనిని వెల యిచ్చి కొనలేదు. నడచిన కిలోమీటరు కింత యని చెల్లించునట్లు ఒడంబడిక చేసికొన్నది. బండి వెలయు, పోషణయు కిలోమీటరు లెక్కలోనికే దిగినవి.

మన యిండ్లలో మాత్రము బండి మాట వచ్చిన వెంటనే పుట్టు ప్రశ్న "వెల యెంత?" యనునదే. ప్రభుత్వములు ఈ సంగతి యెరిగినవే కనుక తమ విధానములను వెలమీదనే ప్రయోగించుచున్నవి. కేంద్ర ప్రభుత్వము 2021 జూన్ నుండి, బ్యాటరీలో పట్టు ప్రతి కిలోవాట్ అవర్‌కు, అనగా మన కరెంటు బిల్లులోని ఒక్కొక్క యూనిట్‌కు, 15,000 రూపాయల చొప్పున విద్యుత్ స్కూటర్లకు రాయితీ నిచ్చెను. అది వెలలో 40 శాతము వరకు ఉండవచ్చును. 2023 జూన్‌లో దానిని 10,000 రూపాయలకును, వెలలో 15 శాతమునకును తగ్గించెను. 2024 ఏప్రిల్ నుండి 5,000 చొప్పున, బండికి 10,000 మించకుండ నిచ్చెను. 2025 ఏప్రిల్ నుండి అదియు సగమై, బండికి 5,000 మించలేదు. అదే యేడు సెప్టెంబరు 22 నుండి 350 సీసీ వరకు గల పెట్రోలు బండ్ల జీఎస్టీ 28 శాతము నుండి 18 శాతమునకు దిగెను. విద్యుద్వాహనములకు 2019 ఆగస్టులో నిర్ణయించిన 5 శాతము మారలేదు. ఇట్లు ఒకవైపు విద్యుత్ స్కూటరునకు రాయితీ తగ్గగా, మరియొకవైపు పెట్రోలు స్కూటరు చౌక యయ్యెను.

ఇట్టి మార్పులు ఏ యింటికి ఎంత తగులునో లెక్క వేసి చూతము.

ఒక ఉపాధ్యాయుడు తిరుపతి నుండి పల్లె పాఠశాలకు పోయి వచ్చుటకు దినమునకు 30 కిలోమీటర్లు తిరుగుననుకొందము. నెలకు 25 దినములకు 750 కిలోమీటర్లు. పెట్రోలు స్కూటరు లీటరునకు 45 కిలోమీటర్లు నడచి, లీటరు 110 రూపాయలైనచో, ఖర్చు సుమారు 1,830 రూపాయలు. విద్యుత్ స్కూటరు యూనిట్‌కు 30 కిలోమీటర్లు నడచినచో 25 యూనిట్లు చాలును. ఇచ్చట కరెంటు బిల్లులోని మెట్లను మరువరాదు. మన రాష్ట్రమున గృహములకు 126 నుండి 225 వరకు యూనిట్ 6 రూపాయలు, ఆపైన 400 వరకు 8 రూపాయల 75 పైసలుగా నిర్ణయింపబడినది. బండి త్రాగు యూనిట్లు మన బిల్లులోని పై మెట్టున చేరును గాని క్రింది మెట్టున కాదు. పై ధర వేసికొన్నను 219 రూపాయలు. సర్దుబాటు ఛార్జీలు దానికి అదనము. నెలకు సుమారు 1,600 రూపాయలు మిగులును.

ఇక బజారునకును, పిల్లల బడికిని దినమునకు 8 కిలోమీటర్లు మాత్రమే తిరుగు కుటుంబమునకు ఇదే లెక్కను మిగులునది 430 రూపాయలు. విద్యుత్ స్కూటరు వెల 30,000 రూపాయలు అధికమైనచో, మొదటి యింట అది 19 నెలలలో తీరును. రెండవ యింట తీరుటకు దాదాపు ఆరేండ్లు పట్టును. రాయితీ 5,000 తగ్గినచో మొదటివారికి మూడు నెలల ఆలస్యము. రెండవవారికి ఒక సంవత్సరము. కాబట్టి దూరము తిరుగువారు రాయితీ పోయెనని దిగులు పడనక్కరలేదు. కొంచెము తిరుగువారు రాయితీ వచ్చెనని తొందరపడనక్కరలేదు.

వెలను మాత్రమే చూచి కొనుట మన దేశమునందే కలదని తలపరాదు. జర్మనీ 2023 డిసెంబరులో రాయితీని హఠాత్తుగా నిలుపగా, మరుసటి యేడు క్రొత్త విద్యుత్ కార్ల అమ్మకము 27 శాతము పడిపోయెను. నార్వే దేశము పెట్రోలు కార్లపై భారమైన పన్నులు వేసి, విద్యుత్ కార్లకు ఏండ్ల తరబడి మినహాయింపులు నిలిపినందున, 2024లో అమ్ముడైన క్రొత్త కార్లలో నూటికి దాదాపు 89 విద్యుత్తువే. కొనువారికి పన్నెంత యనుటతోబాటు, అది రేపును ఉండునా యను నమ్మకమును కావలయును.

లెక్క కుదిరినను మరికొన్ని విచారింపవలయును. మేడమీద అద్దెకున్నవారు బండిని ఎచ్చట చార్జి చేయుదురు? ఇంటి యజమానితో ముందుగా మాట్లాడి, ప్లగ్గును, మీటరు సంగతిని తేల్చుకొనవలయును. బ్యాటరీకి ఎన్ని యేండ్లు, ఎన్ని కిలోమీటర్లు పూచీ యిత్తురో వ్రాతమూలముగా చూచుకొనవలయును. గడువు తీరినపిదప క్రొత్త బ్యాటరీ కొనవలసివచ్చినచో చద్దికంటె ఊరగాయ ఘనమగును. సత్యవేడు ప్రాంతపు కర్మాగారమున విడా స్కూటర్లు తయారగుచున్నవి. మన ప్రాంతపు వస్తువను అభిమానము మంచిదే గాని, పూచీ పత్రము చదువుట మానరాదు.

ప్రాణభద్రత అన్నిటికంటె ముఖ్యము. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక యింట రాత్రివేళ చార్జికి పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని మరణించెను. ఆ యేట జరిగిన ఇట్టి ప్రమాదముల పిమ్మట ప్రభుత్వము బ్యాటరీల పరీక్షలను కఠినము చేసినది. అయినను పడకగదిలో గాని, వాకిలికి అడ్డముగా గాని చార్జికి పెట్టకుడు. బండితో ఇచ్చిన చార్జరునే, ఎర్త్ ఉన్న ప్లగ్గుననే వాడుడు. ఎండలో తిరిగి వచ్చిన బండిని చల్లారనిచ్చిన తరువాతనే తీగ తగిలింపుడు.

పెక్కిండ్లలో బండి యెన్నిక పురుషులది, వాయిదా సొమ్ము సర్దుట స్త్రీలది. పాలకును, బడి జీతములకును, చీటీకిని కేటాయించిన డబ్బులోనుండియే ఆ వాయిదాయు వెళ్లును. కనుక ఎన్నికలోను మనకు మాట ఉండవలయును. ఆ మాటకు లెక్క తోడైనచో వినక తప్పదు. దుకాణమునకు పోవుటకు ముందు ఒక నెల, ప్రస్తుతమున్న బండి మీటరులోని అంకెను ప్రతి ఆదివారము గోడ క్యాలెండరుపై వ్రాసికొనుడు. నెల తుదకు మీ యింటి దూరము తెలియును. అమ్మువాడు చెప్పు మైలేజికంటెను, ప్రకటనలోని రాయితీకంటెను ఆ అంకెయే మీకు సరియైన సలహా నిచ్చును.