తోలు లెక్క, మనిషి లెక్క

చెప్పుకు తోలు పట్టీ ఉందని, క్యాప్సూల్ పెంకులో జెలటిన్ ఉందని కొందరు కొనటం మానేస్తున్నారు. జీవాల మీద దయ చూపితే మనకెందుకు కోపం? మానుకోనివ్వండి. కానీ మృదంగానికి బిగించింది తోలే. పెళ్లి పట్టుచీర కోసం వేడినీళ్లలో ఉడికింది పురుగులే. అవి కూడా మానినవాళ్ల మాట వేరు. మిగతావాళ్లకి ఆ లెక్క గుర్తురాదేం?

2016 ఆగస్టులో అమలాపురంలో ఏం జరిగింది? కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు ఒలిచారని ఇద్దరు దళిత అన్నదమ్ముల్ని చెట్టుకు కట్టి కొట్టారు. ఆవుని వాళ్లు చంపలేదు. ఆ పనికి పిలిపించింది ఆవు యజమానే.

అన్నలారా, అక్కలారా! వస్తువులో తోలు ముక్క ఎంతుందని అడిగేవాళ్లు, ఆ తోలు ఒలిచిన చేతికి ఏం దక్కిందని కూడా అడగాలి. చచ్చిన ఆవుకి దయ, బతికున్న మనిషికి దెబ్బలు. దీన్ని అహింస అనరు, కులం అంటారు.